మిషనుకు అబద్ధం నేర్పిన దేవవ్వ

కోరుట్ల దాటి జగిత్యాల రోడ్డున పోతుంటే ఎడమ చేతి వైపు భాస్కర్‌రావు రైసుమిల్లు కనిపిస్తుంది. ఆ మిల్లు బియ్యం తిన్నవాళ్ళు పంటి కింద రాయి పడిందని తిట్టుకున్నది లేదు. ఆ మంచి పేరంతా సంచి మీద అచ్చేసిన నెమలి బొమ్మకు పోయింది. పోవలసింది దేవవ్వ కళ్ళకు. ఆడకూలీ కళ్ళను సంచి మీద అచ్చేసేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాల్సి వస్తున్నది.

మిల్లు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో డజను మంది ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. మర పట్టిన సన్నబియ్యం గంపలతో వచ్చి పడేది. నల్లబడిన గింజ, పొట్టు వదలని వడ్లగింజ, పురుగు తొలిచిన గింజ, బియ్యం రంగులోనే ఉండి మోసం చేసే తెల్లరాయి, ఇవన్నీ ఏరి పక్కన పడేయడం వాళ్ళ పని. పొద్దున వచ్చి కూర్చుంటే పొద్దుగూకేదాకా తల ఎత్తేది లేదు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చున్నవాళ్ళకు తెలుసు, వండకముందే బియ్యం ఎంత వేడిగా ఉంటాయో.

వాళ్ళలో ఒకామె మొగుడు తాగుబోతు. ఇంకొకామె మొగుడు వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టాడు. కొందరికి మొగుళ్ళే లేరు. ఉన్నవాళ్ళలోనూ సంపాదించి ఇంట్లో పెట్టేవాడు బుచ్చవ్వ భర్త రాజేశం ఒక్కడే. అతను మస్కట్‌లో ఎత్తయిన కట్టడాల మీద పరంజా కట్టే పని చేస్తాడు. తక్కిన ఇళ్ళన్నీ ఆ షెడ్డు నడిస్తేనే పొయ్యి వెలిగే ఇళ్ళు.

దేవవ్వ వాళ్ళందరికీ పెద్దది. పెద్దరికం కూలీలో కాదు, చూపులో. ఎవరికైనా అనుమానం వస్తే చేట తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళు. ఆమె చేటను ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి, గింజల మీద వెలుతురు ఎలా జారుతున్నదో చూసి, ఏరాల్సినవి మూడో నాలుగో ఏరేసి తిరిగి ఇచ్చేసేది. మాట్లాడుతూనే చేసేది. తన చూపంటే ఆమెకు లోపల కాస్త గర్వం ఉండేది. చెప్పుకోవడానికి ఇంకేమీ లేని మనిషికి ఆ మాత్రం గర్వం ఉండకపోతే ఎలా.

ఆమె పుట్టింది ముస్తాబాద్ దగ్గర ఒక పల్లెలో. కల్లు గీసే ఇంటి పిల్ల, కల్లు గీసే ఇంటికే కోడలై వచ్చింది. భర్త సమ్మయ్య చెట్టు మీంచి పడి చనిపోలేదు. గీత కార్మికుడు అనగానే అందరూ అలాగే అనుకుంటారు కాబట్టి చెప్పడం. పచ్చకామెర్లు ముదిరి, పసరు మందులు తాగి తాగి, ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయాడు. అప్పటికి కూతురు ప్రేమలత బడికి పోతున్నది. దేవవ్వ బొట్టు తీసేసింది, చేట పట్టింది.

ఆ మిల్లు బియ్యం మీదే ప్రేమలతను పెంచి, సిరిసిల్లలో మగ్గాల పని చేసే పిల్లవాడికి ఇచ్చి పెళ్ళి చేసింది. పెళ్ళయిన మూడో ఏడు కూతురికి ఒడిబియ్యం పోయాలి. పుట్టింటివాళ్ళు ఆడపిల్లను పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోసి, చల్లగా ఉండమని పంపడం ఈ వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. దేవవ్వ దానికోసం వారం రోజుల నుంచి మంచి గింజ మంచి గింజ ఏరి దాచింది. పోసే రోజున ఆడబిడ్డ వచ్చి ఆ గిన్నె చూసి, "ఇవి నువ్వు ఏరినవా వదినె? ఇవద్దు తియ్యి, దుకాణంల తెద్దాం" అన్నది. భర్త లేని ఆడదాని చెయ్యి తగిలిన బియ్యం ఒడిలో పడగూడదట. దుకాణంలో బియ్యం తెచ్చారు. ముత్తైదువలు పోశారు. దేవవ్వ లోపలి అర్రలో కూర్చుని పాటలు విన్నది. దుకాణం నుంచి వచ్చిన ఆ సంచి మీద నెమలి బొమ్మ ఉంది. ఆ బియ్యం ఏరింది ఎవరో ఆమెకు తెలుసు.

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకు మిల్లులోకి కొత్త మిషను వచ్చింది. రంగు చూసి గింజను ఏరే మిషను. లారీ మీంచి దించడానికే ఒక పూట పట్టింది. కరీంనగర్ నుంచి మధుకర్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి దాన్ని బిగించాడు. మంచి పిల్లవాడు. ఎవరు ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. షెడ్డులోని ఆడవాళ్ళంతా పని ఆపి వచ్చి చుట్టూ మూగితే, మూత తీసి మరీ చూపించాడు.

"పైనుంచి బియ్యం గీ జారుడు పళ్ళెం మీద పల్సగ జారుతయి. రెండు దిక్కుల నుంచి లైటు వడ్తది. గీ అద్దం ఎన్క కండ్లున్నయి. ఒక్కొక్క గింజ మీద వడ్డ లైటు ఎంత తిరిగొచ్చిందో అవి సూస్తయి. తక్కువ వస్తే చెడ్డ గింజ అన్నట్టు. గప్పుడు గీ సన్న బెజ్జంల నుంచి గాలి పుస్సుమని ఊది గా ఒక్క గింజనే పక్కకు నూకుతది" అన్నాడు.

కింద పక్కకు పడిన గింజల కోసం ఒక డబ్బా ఉంది. దాని అంచుకు దారమంత సన్నని గాజు తీగ ఒకటి అమర్చాడు. ఆ తీగలోంచి కూడా వెలుతురే పోతుందట. డబ్బా నిండి ఆ వెలుతురుకు అడ్డం వస్తే గంట మోగుతుంది.

"మరి మేమేం చేయాలె సారూ?" అని అడిగింది బుచ్చవ్వ. ఆ ప్రశ్న కోసమే అందరూ అక్కడ నిలబడ్డారు.

జవాబు భాస్కర్‌రావు చెప్పాడు. "మిషను పక్కకు నూకిన దాంట్ల మంచి గింజలు గూడ వడ్తయి. అవి మీరు ఏరుర్రి. మీ పని ఏడికి పోదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. అబద్ధం ఆడాల్సినంత సేపు ఆ సంగతి గురించి ఆలోచించనూ లేదు. పూర్వం ఊళ్ళేలిన దొరల కుటుంబం. మాట మెత్తగా ఉంటుంది, ఆ మాట కింద నలిగేవాళ్ళు ఆయన కంటికి ఆనరు.

ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయారు. దేవవ్వ మాత్రం నిలబడింది. "పక్కకు ఎంత వడ్తది సారూ?" అని మధుకర్‌ను అడిగింది.

"మంచిగ సెట్ చేస్తే సంచికి పిడికెడు" అన్నాడు అతను సంతోషంగా.

పిడికెడు. డజను మంది ఆడవాళ్ళు, పిడికెడు గింజలు. దేవవ్వకు చదువు రాదు గాని ఆ లెక్క చేయడానికి చదువు అక్కర్లేదు.

మధుకర్ రెండు స్టీలు పళ్ళాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "అవ్వా, దీనికి ఏది మంచిదో ఏది చెడ్డదో తెల్వది. మనం సూపెట్టాలె. ఒక పళ్ళెంల మంచి గింజలు, ఇంకో పళ్ళెంల చెడ్డ గింజలు ఏరి ఇయ్యి. అవి సూసి గుర్తు వెట్టుకుంటది. ఇగ జన్మల మర్చిపోదు. దొర నీ పేరే చెప్పిండు."

దేవవ్వ కూర్చుంది. మంచి పళ్ళెంలో ముత్యాల్లాంటివే వేసింది. చెడ్డ పళ్ళెంలో మొదట నల్లగింజలు, పురుగు గింజలు వేసింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆమె ఆగలేదు. వెన్న రంగుకు కొంచెం తిరిగిన గింజ, కొస కాస్త అరిగిన గింజ, మధ్యలో సున్నపు చుక్కలా తెల్లగా ఉన్న గింజ, రోజూ మనమంతా వండుకుని తినే నిక్షేపంలాంటి గింజలను కూడా చెడ్డ పళ్ళెంలో వేస్తూ పోయింది. మధుకర్ పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. పల్లెటూరి ఆడమనిషి బియ్యపు గింజ విషయంలో అబద్ధమాడుతుందని అతనికి ఎందుకు తోస్తుంది.

మిషను ఆ రెండు పళ్ళాలూ చూసింది. నమ్మింది. దానికి మనుషుల గురించి ఏమీ తెలియదు మరి.

బియ్యం వదలగానే ఒక దారిలో ముత్యాలు, రెండో దారిలో మిగిలినదంతా ధారగా పడింది. డబ్బా గంట మోగింది. ఖాళీ చేస్తే మళ్ళీ మోగింది. పక్కకు పడినవన్నీ గంపల్లో షెడ్డుకు వచ్చాయి. ఆడవాళ్ళు మునుపటిలాగే చేటలు ముందేసుకుని, అందులోంచి మంచి గింజలను వెనక్కి ఏరసాగారు. ఇదివరకు చెడ్డవి ఏరేవాళ్ళు, ఇప్పుడు మంచివి ఏరుతున్నారు. అంతే తేడా. నడుము నొప్పి అదే, కూలీ అదే.

భాస్కర్‌రావుకూ ఆనందమే. "మిషను శాన కడక్. జర తేడా ఉన్నా నూకుతున్నది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మెట్‌పల్లి నుంచి, నిజామాబాద్ నుంచి షావుకార్లు వచ్చి బియ్యం గుప్పెట్లో పోసుకుని మెచ్చుకున్నారు.

జరిగింది దేవవ్వ ఒక్క బుచ్చవ్వకే చెప్పింది. అది కూడా సంబరం పట్టలేక. ఇద్దరూ మధ్యాహ్నం సద్ది విప్పుకుని పక్కపక్కన కూర్చున్నప్పుడు గంట మోగింది. దేవవ్వ నవ్వింది. ఎందుకు నవ్వావని బుచ్చవ్వ అడిగితే పళ్ళాల సంగతి చెప్పేసింది.

"అయ్యో అక్కా, దొరకు తెలిస్తే?" అన్నది బుచ్చవ్వ.

"ఎట్ల తెలుస్తది? మిషను చెప్తదా? మన నోట్ల ఇంత మెతుకు వడాలంటే దాని కండ్లల్ల దుమ్ము కొట్టుడే" అన్నది దేవవ్వ.

అలా ఒక ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా దేవవ్వ మనసు ఎంత తేలిగ్గా ఉండేదో చెప్పలేను. తన వల్ల పన్నెండు ఇళ్ళలో పొయ్యి మండుతున్నదన్న సంగతి తనకు తప్ప, బుచ్చవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. మొగుడు పోయిన నాటి నుంచి ఏ మంచి పనికీ పనికిరానిదానివి అని మాటల్లోనో చూపుల్లోనో చెప్పించుకున్న మనిషికి, లోకం కళ్ళుగప్పి పదిమందికి పనికొస్తున్నానన్న ఆలోచన తియ్యగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో కాపురముండే భాస్కర్‌రావు కూతురు జ్యోత్స్నకు ఒడిబియ్యం పోసే ముహూర్తం వచ్చింది. భాస్కర్‌రావు భార్య సుమిత్ర సొంత పొలంలో పండిన సన్నవడ్లు ఆడించి, ఆ బియ్యం వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చింది. ఇదివరకు ఆ ఇంట్లో శుభకార్యం అంటే షెడ్డు కడిగి, చాప పరిచి, భర్తలున్న ఆడవాళ్ళను కాళ్ళు కడుక్కుని కూర్చోబెట్టి ఏరించేవాళ్ళు. ఆ పూటకు దేవవ్వనూ, దేవవ్వ లాంటివాళ్ళనూ గేటు దగ్గర వాకిలి ఊడ్చే పని మీద పంపేవాళ్ళు. ఈసారి సుమిత్ర, "ఇంతమంది ఎందుకు, మిషనుంది గదా. దానికి అంటు లేదు, ముట్టు లేదు" అన్నది.

సుమిత్ర చెడ్డ మనిషి కాదు. దేవవ్వకు పండగలకు చీరలు పెట్టింది. ప్రేమలత కాన్పుకు కారిచ్చి సిరిసిల్ల ఆసుపత్రికి పంపింది. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఆ రోజు మధుకర్ కూడా అక్కడే ఉన్నాడు. ఏడాదికోసారి మిషను విప్పి తుడిచి బిగించే పని మీద వచ్చాడు. ఒడిబియ్యం మిషనులో పోస్తారని విని అతనికి ఉత్సాహం వచ్చింది. "మేడమ్, ఈ మిషను సూపు శాన కడక్. మా కంపెనోళ్ళే ఆశ్చర్యపోయిండ్రు. దీనికి నేర్పింది దేవవ్వనే గదా" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

సుమిత్ర చెయ్యి బియ్యం మీదే ఆగిపోయింది. "నేర్పుడంటే?"

మధుకర్ పళ్ళాల సంగతి చెప్పాడు. ఆమె ఏరి చూపించిన గింజలనే మిషను గుర్తు పెట్టుకున్నదని, ప్రతి గింజనూ వాటితో పోల్చి చూస్తుందని, ఒక విధంగా ఇది దేవవ్వ కళ్ళతోనే చూస్తుందని వివరంగా చెప్పాడు. చదువుకున్నవాడు కదా, ఎక్కడ ఆపాలో తెలియదు.

సుమిత్ర భర్త వైపు తిరిగింది. "నా బిడ్డ ఒళ్ళె వడే బియ్యం దేవవ్వ సూపుతోని ఏరాల్నా? గది గుర్తు వెట్టుకున్నదంతా తీసెయ్యమనుర్రి. ముత్తైదువతోని మల్ల సూపెట్టించుర్రి."

"మిషనుకు గూడ ముత్తైదువ కావాల్నా?" అని భాస్కర్‌రావు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు ఆపి, "సరే తియ్యి. బుచ్చవ్వను పిలువుర్రి" అన్నాడు.

ఇదంతా దేవవ్వ గుమ్మం బయట నిలబడి విన్నది. తనను అన్న మాట ఆమెకు కొత్త కాదు, అది తగలాల్సిన చోట తోలు ఎప్పుడో మొద్దుబారింది. ఆమె భయపడింది దానికి కాదు. మళ్ళీ చూపెట్టడం అన్నదానికి. షెడ్డులోంచి వస్తున్న బుచ్చవ్వను దారిలోనే రెక్క పట్టుకుని ఆపింది.

"చెల్లె, నేను చెప్పిన గదా, వెన్న రంగుది, కొస అరిగింది, తెల్ల చుక్కది, అన్ని చెడ్డ పళ్ళెంలనే వెయ్యి. యాది మరువకు. మన అందరి బతుకు నీ చేతుల ఉన్నది."

బుచ్చవ్వ తల ఊపింది.

ఆమె కాళ్ళు కడుక్కుంది. సుమిత్ర ఆమె నుదుట బొట్టు పెట్టి, కాళ్ళకు పసుపు రాసి, కొత్త రవిక గుడ్డ చేతిలో పెట్టి పీట మీద కూర్చోబెట్టింది. "మంచి మనసుతోని ఏరు బుచ్చవ్వా. నా బిడ్డ, నీ మొగడు, అందరు సల్లగుండాలె" అన్నది. పక్కన దీపం కూడా వెలిగించారు. వెలుతురు చూసి గింజను ఏరే మిషను ముందు నూనె దీపం.

దేవవ్వ గుమ్మం దాటి లోపలికి పోకూడదు. బయటి నుంచే మెడ చాచి చూస్తున్నది. అంత దూరం నుంచి ఇంకెవరికైనా గింజ గింజ తేడా తెలియదు. ఆమెకు తెలుస్తున్నది.

బుచ్చవ్వ నల్లగింజ తీసి చెడ్డ పళ్ళెంలో వేసింది. పురుగు గింజ వేసింది. ముత్యం లాంటిది తీసి మంచి పళ్ళెంలో వేసింది. తర్వాత వెన్న రంగు గింజ వచ్చింది. అది రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆగిపోయింది. ఆ చెయ్యి గాలిలోనే కొంచెం చెడ్డ పళ్ళెం వైపు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుకున్నదో ఏమో, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, ఆ గింజను మంచి పళ్ళెంలో వేసింది. ఒక్కటి వేశాక చెయ్యి ఇక ఆగలేదు. కొస అరిగినదీ మంచిదే, తెల్ల చుక్కదీ మంచిదే. అన్నీ నిజాయితీగా వేసుకుంటూ పోయింది. ఒకసారి తలెత్తి గుమ్మం వైపు చూసింది. దేవవ్వ చూపు తగలగానే తల దించుకుంది.

దేవవ్వ అరవాలనుకుంది. ఏమని అరుస్తుంది? తప్పు గింజలు వెయ్యమని అరుస్తుందా?

మధుకర్ రెండు పళ్ళాలూ మిషనుకు చూపించాడు. పాతవి తీసేశాడు. జ్యోత్స్న ఒడిబియ్యం అందులో పోశారు. బియ్యం తెల్లగా ఒకే దారిలో పడ్డాయి. పక్క డబ్బాలో అడుగు కూడా కప్పలేదు. గంట మోగలేదు. సరిచూడ్డానికి మిల్లు బియ్యం సంచి ఒకటి పోసి చూశారు. అప్పుడూ మోగలేదు. సంచికి పిడికెడు, మధుకర్ మొదటి రోజు చెప్పిన పిడికెడు.

భాస్కర్‌రావు ఆ పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు. జాలిగా వచ్చాడు.

"నీ కండ్లు మసకవారినయి దేవవ్వా. నిరుడు మంచి గింజను గూడ చెడ్డదని సూపెట్టినవు. ఏడాది సంది ఊకెనే పని వెట్టుకున్నం. నీ తప్పేం లేదు, వయసు" అన్నాడు.

దేవవ్వకు యాభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆమె కళ్ళకు సూదిలో దారం మొదటిసారికే ఎక్కుతుంది. "కావచ్చు దొరా" అన్నది.

పై వారం నుంచి షెడ్డు పని లేదన్నారు. ఒక్క దేవవ్వను మాత్రం మిల్లు ఊడ్చడానికి, డబ్బా ఖాళీ చేయడానికి ఉంచుతామన్నారు. ముందు నుంచీ ఉన్న మనిషి, పాపం చూపు తగ్గిన మనిషి, ఎక్కడికి పోతుందని. ఆడవాళ్ళు ఎవరి చేట వాళ్ళు తీసుకుని ఇళ్ళకు పోయారు. ఒకామె బీడీలు చుట్టే చేట పట్టింది. ఒకామె ఎల్లారెడ్డిపేటలో తల్లిగారింటికి పోయి నాట్లకు పోతున్నది. తాగుబోతు మొగుడున్నామె ఏం చేస్తున్నదో ఎవరూ చెప్పలేదు. అడిగితే చెప్పేలాంటిది కాదేమో.

బుచ్చవ్వ ఒక సాయంత్రం దేవవ్వ ఇంటికి వచ్చింది. గడప అవతలే కూర్చుంది.

"అక్కా, నన్ను తిట్టు, కొట్టు. ఒడిబియ్యంల అబద్ధమాడితే పసుపు కుంకుమకు ఎసరు గదా. ఆయన గక్కడ ఎత్తుల మీద నిలవడి పని చేస్తడు. కాలు జారిందని ఫోనొస్తే నేనేం కావాలె? నా చెయ్యి రాలే అక్కా."

దేవవ్వ కూరగాయలు తరగడం ఆపలేదు. "నాకైతే చెయ్యి వస్తుండె చెల్లె. నాకు పోవాల్సినోడు ఎన్నడో పోయిండు. నా అబద్ధానికి ఇంకెవలు సావరు. గందుకే గా గుమ్మం కాన్నే ఆపిండ్రు నన్ను."

బుచ్చవ్వ ఏడ్చింది.

"ఏడువకు. రాజేశం మంచిగున్నడు గదా? ఫోన్ చేసిండా?"

"చేసిండు. మంచిగున్నడు."

"ఉండనీ. ఆయన పంపింది తిని నువ్వు బతుకుతవు. మేమందరం ఎవల మొగడు పంపింది తినాలె?"

బుచ్చవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళిద్దరూ కోరుట్ల అంగట్లో ఎదురుపడినా పలకరించుకోలేదు.

వానాకాలం వచ్చింది. గాలిలో తేమ పట్టి తవుడు దుమ్ము మిషను అద్దానికి సన్నగా అంటుకోసాగింది. రోజూ తుడవమని మధుకర్ చెప్పిపోయాడు, తుడిచేవాడు నాలుగు రోజులకోసారి తుడిచేవాడు. ఒక రోజు డబ్బా ఖాళీ చేస్తుంటే దేవవ్వకు బరువు తేడా తెలిసింది. నేల మీద గోనెపట్టా పరిచి గుమ్మరించి చూసింది. నల్లగింజల మధ్య ఒక మంచి గింజ. ఇంకొకటి. వేలితో కెలికితే ఇంకా ఉన్నాయి. మరునాడు ఇంకాసిని ఎక్కువ పడ్డాయి. మురికి అద్దం వెనక మిషను చూపు చెదిరిపోయింది. ఎవరూ అబద్ధం నేర్పకుండానే అది తప్పు చేస్తున్నది.

దేవవ్వ వాటిని కొంగులో దోసెడు మూట కట్టుకుంది. మనసులో అప్పుడే షెడ్డు ఆడవాళ్ళందరినీ పిలుచుకుంది. బీడీలు చుట్టేదానికి కబురు పెట్టాలి, ఎల్లారెడ్డిపేటకు ఫోన్ చేయించాలి, బుచ్చవ్వకు కూడా చెప్పాలి, పాపం దాన్ని ఎందుకు వదలాలి. అలా అనుకుంటూనే ఆఫీసు గదిలోకి పోయింది. భాస్కర్‌రావు టేబుల్ మీద కొంగు విప్పింది.

"దొరా, మిషను మంచి గింజల నూకుతున్నది. సూడుర్రి. మల్ల ఏరేటోళ్ళు కావాలె. ఆడోళ్ళను పిలువుర్రి."

భాస్కర్‌రావు ఫోన్ మాట్లాడుతూ ఆ దోసెడు గింజల వైపు చూశాడు. ఒక్క గింజ కూడా చేతిలోకి తీసుకోలేదు. ఫోన్ పక్కన పెట్టి మెత్తగా నవ్వాడు.

"దేవవ్వా, నీ కండ్లు పోయినయని మొన్ననే తేలె గదా. మంచిది నీకు చెడ్డగ కనవడె, ఇప్పుడు చెడ్డది మంచిగ కనవడుతున్నది. గా మిషను తప్పు చెయ్యది. జగిత్యాలల కండ్ల క్యాంపు వెట్టిండ్రట, పైసలు లేకుంటనే సూస్తరట. ఐతారం పోయి సూపించుకో."

దేవవ్వ నోరు తెరిచింది. అప్పుడు నా కళ్ళు బాగానే ఉండె, నేను కావాలనే తప్పు చూపెట్టిన అని ఒక్క మాట అంటే చాలు. అంటే తన చూపు నిలుస్తుంది. తను మాత్రం దొంగ అవుతుంది. దొంగ మాట మీద ఆడవాళ్ళను ఎవరు పిలుస్తారు, చీపురు కూడా ఎవరు చేతికిస్తారు.

"అట్లనే దొరా, పోయి సూపించుకుంట" అన్నది.

గింజలు మళ్ళీ కొంగులోకి ఎత్తుకుంది. టేబుల్ సందులో ఇరుక్కున్న ఒకటీ రెండూ గోటితో తీసింది. బయటికి వచ్చి, వాటిని ఎక్కడ వేయాలో తోచక కాసేపు నిలబడి, పశువుల దాణా సంచిలో పోసింది.